నార్వే నిరీక్షణ, ఇటలీ నిష్ఠూరం

మిలాన్‌లోని శాన్ సిరో మైదానంలో 2025 నవంబరు 16 రాత్రి, మన గడియారాల ప్రకారం సోమవారం తెల్లవారుజామున, నార్వే 4-1 తేడాతో ఇటలీని ఓడించి 2026 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు నేరుగా అర్హత సాధించింది. యూరప్ అర్హత పోటీల గ్రూప్ ‘ఐ’లో ఆడిన ఎనిమిది మ్యాచ్‌లూ నెగ్గి, 37 గోల్స్ చేసి, అయిదంటే అయిదు గోల్స్ మాత్రమే ఇచ్చిన జట్టుకు దక్కిన గౌరవమిది. ఆరు విజయాలతో 18 పాయింట్లు తెచ్చుకున్న ఇటలీ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. 2018, 2022 ప్రపంచ కప్‌లకు ప్లేఆఫ్‌లోనే (నేరుగా అర్హత దక్కని జట్లు మిగిలిన స్థానాల కోసం ఆడే నాకౌట్ పోరులో) దూరమైన ఈ నాలుగుసార్ల విశ్వవిజేత ముచ్చటగా మూడోసారి అదే గడప ముందు నిలబడవలసి వచ్చింది.

అంతకు మూడు రోజుల ముందు, మాల్డోవాపై 2-0తో గెలిచిన అనంతరం, అప్పటి ఇటలీ కోచ్ గెన్నారో గట్టూసో అర్హత విధానంపైనే అసంతృప్తి వెళ్లగక్కారు. వరసగా ఆరు మ్యాచ్‌లు గెలిచినా నేరుగా చోటు దక్కకపోవడం ఏం న్యాయమని ఆయన ప్రశ్న. తమ కాలంలో రెండో స్థానాల్లో నిలిచిన జట్లలో ఉత్తమమైనది నేరుగా వెళ్లేదని, ఇప్పుడు దక్షిణ అమెరికాలోని పది జట్లలో ఆరింటికి నేరుగా ప్రవేశం దక్కుతోందని గుర్తు చేశారు. ఈ లెక్కల్లో అబద్ధం లేదు. యూరప్‌లో 54 జట్లు 16 స్థానాల కోసం పోటీపడ్డాయి. పన్నెండు గ్రూపుల విజేతలు నేరుగా వెళ్లాయి. మిగిలిన నాలుగు స్థానాల కోసం పదహారు జట్లు ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది. అయితే దక్షిణ అమెరికాలో ఆ ఆరు స్థానాల కోసం ఒక్కో జట్టు పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడుతుందని, బొలీవియా ఎత్తుల నుంచి బ్రెజిల్ ఉక్కపోత దాకా తిరిగి రావాలని కూడా చెప్పి ఉంటే ఆ పోలిక నిండుగా ఉండేది. ఇక పాత రోజుల మాటకొస్తే, 1998 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఇంగ్లండ్ తరవాత రెండో స్థానంలో నిలిచిన ఇటలీ ఉత్తమ రెండో జట్టు కాలేకపోయింది. ఆ అవకాశం స్కాట్లాండ్‌కు పోయింది. ఇటలీ రష్యాతో ప్లేఆఫ్ ఆడి గట్టెక్కింది. అప్పుడు ఎవరూ విధానాన్ని తప్పుపట్టి ఊరుకోలేదు, ఆడి గెలిచారు. ఆడలేక మద్దెల ఓడనడం అంతటి జట్టుకు తగదని మేము భావిస్తున్నాం.

గ్రూపు లోపలికి వెళ్లి చూస్తే విషయం మరింత తేటపడుతుంది. జూన్ 6న నార్వే రాజధాని ఓస్లోలో తొలి అర్ధభాగం ముగిసేసరికే సోర్లోత్, నూసా, హాలాండ్ తలో గోల్ చేసి ఇటలీని 3-0తో కుదేలు చేశారు. రెండు రోజులకే, గట్టూసోకు ముందు ఇటలీ కోచ్‌గా ఉన్న స్పల్లెట్టి తనను తొలగించారని విలేకరుల సమావేశంలో తానే ప్రకటించి, మర్నాడు మాల్డోవాతో మ్యాచ్‌కు జట్టును నడిపించి వెళ్లిపోయారు. గట్టూసో వచ్చాక ఎస్తోనియాపై 5-0 విజయంలో అన్ని గోల్సూ రెండో అర్ధభాగంలోనే వచ్చాయి. ఇజ్రాయెల్‌పై 5-4 గెలుపులో ఇటలీ రెండు సెల్ఫ్ గోల్స్ ఇచ్చుకుంది. 89వ నిమిషంలో ప్రత్యర్థి స్కోరు సమం చేస్తే, అదనపు సమయంలో టొనాలీ ఆదుకున్నాడు. ఓస్లోలో 11-1తో చిత్తయిన మాల్డోవా జట్టే తన సొంతగడ్డపై ఇటలీని 88వ నిమిషం దాకా గోల్ చేయనివ్వలేదు. చివరి మ్యాచ్‌కు ముందు పాయింట్లలో మూడే తేడా ఉన్నా, పాయింట్లు సమమైతే చూసే గోల్స్ తేడా ఎంతగా పెరిగిందంటే, నార్వేను తొమ్మిది గోల్స్ తేడాతో ఓడిస్తే తప్ప ఇటలీకి మొదటి స్థానం దక్కని పరిస్థితి ఏర్పడింది. ఆ దుస్థితి ఏ నిబంధనల పుస్తకం వల్లా రాలేదు. ఒక్కో మ్యాచ్‌లో కొంచెం కొంచెంగా పోగుపడింది.

శాన్ సిరోలో మొదట ఇటలీయే బాగా ఆడింది. ఇరవై ఏళ్ల పియో ఎస్పోజిటో 11వ నిమిషంలో గోల్ చేశాడు. 63వ నిమిషంలో నూసా స్కోరు సమం చేశాక ఇటలీ రక్షణ శ్రేణి సడలింది. 78వ నిమిషంలో గాల్లో వచ్చిన బంతిని నేలను తాకనివ్వకుండా హాలాండ్ వలలోకి కొట్టాడు. మరో నిమిషం తిరగకముందే ఇంకొకటి. చివర్లో స్ట్రాండ్ లార్సెన్ నాలుగోది చేర్చాడు. మోకాలి గాయంతో కెప్టెన్ ఒడెగార్డ్ ఆడలేకపోయినా నార్వే తడబడలేదన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి. పదహారు గోల్స్ చేసిన హాలాండ్ పేరే అందరి నోటా వినిపిస్తున్నా, ఒక్కడి మీద ఆధారపడిన జట్టు కాదిది. మాల్డోవాతో మ్యాచ్‌లో హాలాండ్ అయిదు గోల్స్ చేస్తే, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన ఆస్‌గార్డ్ నాలుగు చేశాడు.

నార్వే ఇంతకుముందు ఆడిన మూడు ప్రపంచ కప్‌లలోనూ, 1938, 1994, 1998లలో, ఇటలీ చేతిలోనే ఓడింది. మొదటిదీ చివరిదీ ఫ్రాన్స్‌లోని మార్సేలో జరిగాయి. తరవాత 27 ఏళ్లు ఎదురుచూపులే. 2023 జూన్‌లో, యూరో (యూరప్ దేశాల కప్) అర్హత పోటీల్లో, స్కాట్లాండ్‌పై ఓస్లోలో 87వ నిమిషం దాకా ఆధిక్యంలో ఉండి 2-1తో ఓడిన రోజున కోచ్ స్టాలే సోల్‌బాకెన్‌ను తప్పించాలన్న కోరిక సహజంగానే పుట్టి ఉంటుంది. 2022 ప్రపంచ కప్‌కూ, 2024 యూరోకూ ఆయన జట్టును చేర్చలేకపోయారు. అయినా నార్వే సమాఖ్య 1998 జట్టు సభ్యుడైన ఆయన్నే కొనసాగించింది. ఈ నిర్ణయం మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తోంది. దాదాపు 56 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో చిన్నపిల్లల క్రీడల్లో పదకొండేళ్ల వయసు దాకా పాయింట్ల పట్టికలు, ర్యాంకులు పెట్టరు. గెలవలేదని ఎవరినీ ముందే పక్కన పెట్టరు. బ్రైన్ అనే చిన్న పట్టణంలో, చలికాలంలోనూ ఆడుకునేందుకు కట్టిన ఇండోర్ హాల్లో ఆడి ఎదిగినవాడే హాలాండ్.

ఈ గ్రూపు మీద ఆటకు వెలుపలి భారమూ పడింది. గాజా యుద్ధం నేపథ్యంలో ఇజ్రాయెల్ తన సొంత మ్యాచ్‌లను హంగరీలో ఆడవలసి వచ్చింది; ఇటలీలోని ఉడినేలో ఆ రెండు జట్ల మ్యాచ్ రోజున వేలమంది నిరసనకారులు వీధుల్లోకి వచ్చారు. ఓస్లో మ్యాచ్ లాభాన్ని గాజాలో వైద్యసేవల కోసం డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్‌కు ఇస్తామని ప్రకటించిన నార్వే సమాఖ్య, మనసులో మాట దాచుకోకుండానే మైదానంలో తన బాధ్యత నెరవేర్చింది. ఆ నిజాయతీని మేము గౌరవిస్తాం.

ఇటలీలో ప్రతిభకు కరవు వచ్చిందనడం సరికాదు. 2023లో అండర్-19, 2024లో అండర్-17 యూరోపియన్ టైటిళ్లు ఆ దేశానివే. ఆ కుర్రాళ్లలో చాలామందికి సొంత లీగ్‌లో పెద్ద క్లబ్బుల తరఫున మైదానంలోకి దిగే అవకాశం దొరకడం లేదు; రోగం అక్కడుంది. అర్హత విధానంలో మార్చవలసినవి లేవని కాదు. ఆరు మ్యాచ్‌లతో ముగిసిపోయే నాలుగు జట్ల గ్రూపుల మీద, ఒక్క మ్యాచ్‌తో తలరాత తేల్చే ప్లేఆఫ్‌ల మీద చర్చ జరగాల్సిందే. 2022 మార్చిలో పలెర్మోలో ఉత్తర మాసిడోనియా చేతిలో ఆఖరి క్షణాల్లో ఓడిన ఇటలీకి ఆ బాధ ఎరుకే. కానీ ఎనిమిది మ్యాచ్‌ల గ్రూప్ ‘ఐ’ని అందుకు సాక్ష్యంగా నిలబెట్టలేరు. 2026 మార్చిలో రెండు నాకౌట్ మ్యాచ్‌లు గెలిస్తేనే ఇటలీకి ప్రపంచ కప్ ద్వారం తెరుచుకునే పరిస్థితి వచ్చింది. ఎస్పోజిటో వంటి యువకులకు మ్యాచ్ సమయం ఇవ్వాలని ఇటలీ సమాఖ్య క్లబ్బులను గట్టిగా అడగాలి. ఫలితం ఏదైనా సరే, మరో కోచ్‌ను బలిపెట్టే ఆలోచనను ఇప్పుడే విరమించుకోవాలి.