లడ్డూ భోంచేసిన మర్నాడు

మావాడు వేసవి ఇంటర్న్‌షిప్‌కని ఆస్టిన్ వెళ్తూ తన పామును నాకు అప్పజెప్పాడు. మా ఇల్లు డాలస్ దగ్గర. పాము బాల్ పైథాన్, అంటే ఒక రకం కొండచిలువ, పూర్వీకులది పశ్చిమ ఆఫ్రికా. భయమేస్తే తల లోపల దాచుకుని గుండ్రంగా చుట్టుకుపోతుంది కాబట్టి దాని పేరు లడ్డూ. విషం లేదు, కోపం లేదు, మా ఇంట్లో అంత నెమ్మదస్తులు ఇంకెవరూ లేరు. శుక్రవారం రాత్రి ఫ్రీజర్‌లోని ఎలుకను వేడినీళ్లలో వేసి ఐసు వదిలించి, పొడుగాటి పట్టకారుతో అందించాను. తీసుకుంది, మింగింది. ఆ వేడినీళ్లు ఏ గిన్నెలో పెట్టాననే విషయం మీద మా ఆవిడతో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

శనివారం మధ్యాహ్నం తోడల్లుడుగారు కుటుంబ సమేతంగా దిగారు. మా ఆవిడ అక్క మొగుడు, నాకంటే పెద్దాయన. ఆయన మాటకి ఎదురు చెప్పే ఆచారం మా అత్తారింట్లో ఎప్పుడూ లేదు. గుమ్మంలో చెప్పులైనా విప్పకుండానే, "ఏవయ్యా, పాముందటగా! మెళ్లో వేసుకుని ఒక ఫొటో దిగుదాం" అన్నారు. ఒంటి మీద కొత్త పట్టు కుర్తా. శివుడి పోజట.

గాజు పెట్టె మీద మావాడు అంటించిన కాగితం చూపించాను. తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోవద్దు, పెద్ద ఎలుకైతే ఇంకా ఆగాలి అని ఎర్ర అక్షరాల్లో ఉంది.

"నిన్న పెట్టావా? శుక్రవారం ఒకటి, శనివారం రెండు. రెండ్రోజులు అయిపోయాయిగా!"

"అన్నయ్యగారూ, పెట్టింది నిన్న రాత్రి తొమ్మిదింటికండీ."

"తిథి మిగులుంటే ఆ రోజు లెక్కలోకి రాదటయ్యా?"

పంచాంగంతో వాదించలేక సైన్సు అందుకున్నాను. బర్మా కొండచిలువకి తిన్న రెండు రోజుల్లోనే గుండె కండ 40 శాతం పెరుగుతుందని 2005లోనే తేల్చారు, అరిగించుకోవడమంటే వాటికి అంత పెద్ద పని, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనంలో కదలకుండా పడుకుంటేగానీ అవదు, ఇప్పుడు కదిపితే కక్కేస్తుంది అని చెప్పాను. "బిర్యానీ తింటే నాకూ గుండె అలాగే ఉంటుంది. నేను కారు నడపట్లేదూ?" అన్నారు. ఇండియాలోనైతే 1972 వన్యప్రాణి చట్టం పేరు చెప్పి నాగుపాముని ముట్టుకోనివ్వకుండా ఆపేవాణ్ణి. టెక్సస్‌లో ఈ పాముకి ఆ రక్షణా లేదు. మా ఆవిడ వంటింట్లోంచే "బావగారు అంతగా అడుగుతుంటే..." అంది. ఆ వాక్యం ఆవిడ పూర్తి చెయ్యలేదు. అవసరం లేదు కూడా.

అలా లడ్డూ ఆయన మెడ మీదికి చేరింది. తల వైపు నేను పట్టుకున్నాను. వాళ్లమ్మాయి ఫోన్ పట్టుకుంది. "నవ్వు బాబాయ్!" అంటే నవ్వాను.

ముందు నాలుక ఆడించడం మానేసింది. తర్వాత ఒంటి మధ్యలో ఉన్న ఉబ్బు కదిలింది. నిన్న రాత్రి అది ఎటు వెళ్లిందో నాకు బాగా తెలుసు, ఇప్పుడు దానికి వ్యతిరేక దిశలో వస్తోంది. తొందరేమీ లేదు. చర్మం కింద ఒక్కొక్క అంగుళమే జరుగుతోంది. బరువు మోస్తూ పారిపోలేదు కాబట్టి, బెదిరిన పాము ముందు కడుపు ఖాళీ చేసుకుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు, లడ్డూకి తెలుసు. తెలియనిదల్లా "కొంచెం ఎడమకి తిప్పవయ్యా, వెలుతురు పడట్లేదు" అంటున్న మనిషికే.

ఇలాంటప్పుడు మా నాయనమ్మ ఆస్తీకుణ్ణి తల్చుకోమనేది. జనమేజయుడి సర్పయాగం ఆపించిన మహానుభావుడు, ఆయన పేరు చెబితే పాములు దూరంగా పోతాయట. నేను గట్టిగానే తల్చుకున్నాను, వీడియోలో స్పష్టంగా వినిపిస్తుంది. కానీ ఆ ఒప్పందం మన పాములతో కదా! ఆఫ్రికా వంశంలో పుట్టి, టెక్సస్ పెంపుడు జంతువుల సంతలో కొనుక్కొచ్చిన లడ్డూకి ఆస్తీకుడెవరో ఎవరు చెప్పారు?

నోరు తెరిచింది. ముందు తోక కనిపించింది. పాములు తల వైపు నుంచి మింగుతాయి కాబట్టి, తిరుగు ప్రయాణంలో తోకే ముందొస్తుంది. సన్నటి గులాబీ రంగు తోక, దాని వెనక బొచ్చు ఊడిపోయి జావ కారుతున్న మిగతా శాల్తీ. నా చేతులు వాటంతటవే తీర్థానికి పట్టినట్టు ముందుకెళ్లాయి. సగం నా దోసిట్లో పడింది, మిగతాది పట్టు కుర్తా మీద. ఆ వాసన గురించి రాయను, మీరు ఏ వేళప్పుడు చదువుతున్నారో ఏమో!

అప్పుడు ఆయన నా వైపు తిరిగి అన్న మాట: "ముందే చెప్పద్దటయ్యా?"

పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను. కుక్కయితే ఒకటి నొక్కాలట, పిల్లయితే రెండు, బిల్లు కట్టాలంటే మూడు. పాము కక్కితే ఏం నొక్కాలో చెప్పకుండా పియానో వినిపించారు. చివరికి మావాడే చెప్పాడు: "లోపల యాసిడ్‌కి గొంతూ కడుపూ దెబ్బతింటాయి నాన్నా, పది పద్నాలుగు రోజులు మేత పెట్టకు, తర్వాత చిన్న ఎలుక పెట్టు." పాము ఎలా ఉందని తప్ప నేనెలా ఉన్నానని అడగలేదు.

వీడియో ఆ రాత్రికే బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. పాలు పట్టకుండా మాంసం పెడితే అంతేనని రాజమండ్రి నుంచి పిన్నిగారు తీర్పిచ్చారు. పాము పాలు తాగదని నేను పెట్టిన జవాబుని ఎవరూ చూసినట్టు లేదు.

ఇందాక తోడల్లుడుగారు డ్రైక్లీనింగ్ రసీదు ఫొటో పంపారు, డబ్బు ఎటు పంపాలో కూడా రాశారు. రసీదులో మరక దేనివల్ల అన్న చోట నా పేరుంది.