సూదుల సంగతి కూడా రాయించండి

ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిన చోట స్మారక ఫలకం ఉండాలన్న మీ మాటకు నా ఓటు కూడా వేసుకోండి. అయితే పేరు, సంవత్సరం చెక్కి చేతులు దులుపుకుంటే చాలదు. అసలు కథ సూదులది. రెడిచ్ ఒకప్పుడు సూదుల తయారీకి పెట్టింది పేరు. ఆ ఊరి శివారు హంట్ ఎండ్‌లో సూదులు చేసిన జార్జ్ టౌన్‌సెండ్ సంస్థే సైకిళ్లలోకి దిగింది. 1891లో అది ఆల్బర్ట్ ఈడీ, రాబర్ట్ వాకర్ స్మిత్‌ల చేతికి వచ్చింది. ఆ తరువాత ఎన్‌ఫీల్డ్ పట్టణంలోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు చేసిపెట్టడంతో ఆ ఊరి పేరు బండికి అంటుకుంది. వీళ్ల మొదటి మోటారు సైకిల్ 1901లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానం నుంచి పారాచూట్‌తో దించిన 125 సీసీ ‘ఫ్లయింగ్ ఫ్లీ’ కూడా వీళ్లదే!

రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. మద్రాసులో మాత్రం 1955లో మొదలైన వీళ్ల బుల్లెట్ మోటారు సైకిల్ తయారీ ఆగలేదు. 1977 నుంచి ఆ బళ్లే తిరిగి ఇంగ్లండ్‌కు ఎగుమతయ్యాయి. మన ఊళ్లలో బుల్లెట్ నడిపేవారిలో చాలామందికి మద్రాసు తప్ప రెడిచ్ తెలియదు. ఫలకం మీద ఆ మద్రాసు కర్మాగారం ఉన్న తిరువొత్తియూరు పేరు కూడా ఒక మూల ఉంటే ఎవరి సొమ్ము పోతుంది?