మళ్లీ కొత్త లాగినా?

మా నాన్నగారు పింఛను సైటు పాస్‌వర్డును డైరీ మొదటి పేజీలో, ‘శ్రీరామ’ కింద రాసుకున్నారు. ఆరేళ్లుగా అదే. ఇప్పుడది చెల్లదట! కొత్త విధానానికి మారాలట. ఎవరడిగారు ఈ మార్పు?

సరే, ఆధార్ 12 అంకెలూ కొట్టాం. ఓటీపీ వెళ్లింది. ఎక్కడికి? నాన్నగారు ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు! అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, మా ఓటీపీలు చూసి ఏమనుకుంటున్నారో. ఆధార్ కేంద్రంలో వరుస కట్టి, నంబరు మార్పించుకుని, వారం తరువాత మళ్లీ కూర్చున్నాం.

ఈసారి కొత్త పాస్‌వర్డు. పెద్దక్షరం ఒకటి ఉండాలి, అంకె ఉండాలి, ఆ నక్షత్రం గుర్తూ ఉండాలి. “అక్షరాల్లో పెద్దాచిన్నా ఏమిట్రా?” అన్నారు నాన్నగారు. 35 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి మరి! తరువాత క్యాప్చా. అది సున్నానా, ‘ఓ’నా? కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయిన ఆయనకే కాదు, నాకూ తెలియలేదు. మూడుసార్లు తప్పాం. ఇక రేపు రమ్మంది.

బతికే ఉన్నానని ఏటా రుజువు చేసుకోవడానికి 2021 నుంచి ఫోనులో ముఖం చూపిస్తే చాలు. మంచి పనే, కాదనను. మరి పింఛను చీటీ చూసుకోవడానికి ఇన్ని గడపలు దాటాలా?

మర్నాటికి పనైంది. కొత్త పాస్‌వర్డును నాన్నగారు పెన్సిలుతో రాసుకున్నారు. పెన్నుతో రాయమన్నాను.

“ఎన్నాళ్లుంటుందిలే” అన్నారు.