గ్రేడ్-1 అని వదిలేస్తే ఎలా?

కడుపునొప్పికో, మాస్టర్ చెకప్‌కో స్కానింగ్ తీయించుకుంటే రిపోర్టు చివర ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’ (కాలేయంలో కొద్దిపాటి కొవ్వు) అని రాసి ఉండటం మామూలైపోయింది. ఈ రోజుల్లో అందరికీ ఉండేదేలే అన్న మాట విని రోగి ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేస్తాడు. అందరికీ ఉన్నంత మాత్రాన అది చిన్న జబ్బు అయిపోదు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు బయటపడిందని 2025లో వెలువడిన అధ్యయనం చెబుతోంది.

అసలు నష్టం కణం లోపల మొదలవుతుంది. ప్రొటీన్లను సరైన ఆకృతిలో మడిచే పని కణంలోని అంతర్జీవ ద్రవ్యజాలం (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్) అనే పొరల వలది. పామిటిక్ ఆమ్లం వంటి కొవ్వులు వెల్లువెత్తితే ఆ పని తడబడి, సరిగా మడతపడని ప్రొటీన్లు గుట్టలు పడతాయి. ఆ ద్రవ్యజాలం పొరలో ఉన్న ఐఆర్ఈ1, పెర్క్, ఏటీఎఫ్6 అనే మూడు కాపలా ప్రొటీన్లు వెంటనే సంకేతం పంపుతాయి. కొత్త ప్రొటీన్ల తయారీ తగ్గుతుంది, పాడైనవి తొలగిపోతాయి. కొద్దిసేపు ఉంటే ఇది మేలే. నెలలు, ఏళ్ల తరబడి ఆగకపోతేనే ముప్పు. అవే సంకేతాలు కొవ్వు తయారీని పెంచుతాయి, జేఎన్‌కే అనే ఎంజైమును రేపి ఇన్సులిన్ మాట కణం వినకుండా చేస్తాయి. ఊబకాయం ఉన్న ఎలుకల్లో ఈ లింకును హార్వర్డ్‌లో హోటామిస్లిగిల్ బృందం 2004లోనే చూపింది. ఇన్సులిన్ పట్టు సడలితే కాలేయానికి మరింత కొవ్వు చేరుతుంది, కణం మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తట్టుకోలేని కణాలు చచ్చిపోతాయి. వాపు వస్తుంది, మచ్చ కడుతుంది. కొందరిలో అది సిర్రోసిస్ దాకా, క్యాన్సర్ దాకా పోతుంది. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పే తెలియదు.

ఈ సంకేతాల్లో ఒకదాన్ని మందుతో అడ్డుకుంటే సరిపోతుందా? జేఎన్‌కేను రేపే ఏఎస్‌కే1 అనే ఎంజైమును ఆపే సెలోన్‌సెర్టిబ్ మందు 2019లో మూడో దశ ప్రయోగాల్లో విఫలమైంది. ఒక దారి మూస్తే కణం మీది ఒత్తిడి తగ్గదన్న పాఠాన్నే మేం ఇందులో చూస్తున్నాం. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ మందును, కాలేయంలో వాపుతో పాటు మచ్చ ఓ మోస్తరు నుంచి ముదిరిన స్థాయిలో ఉండి, ఇంకా సిర్రోసిస్ రాని రోగులకు అమెరికా 2025లో అనుమతించింది. మందు లేకుండానైనా, శరీర బరువు 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు కరుగుతుంది. 10 శాతం తగ్గితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి తగ్గుతుంది.

కాబట్టి ఎవరికి మచ్చ మొదలైందో ముందే పట్టుకోవాలి. తొలి వడపోతకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. వయసు, రక్తపరీక్షలో తెలిసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య తెలిస్తే, మచ్చ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 స్కోరు లెక్క వచ్చేస్తుంది. ఫ్యాటీ లివర్‌ను కేంద్రం 2021లోనే అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది, 2024లో మార్గదర్శకాలను సవరించింది. అయినా 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లలో జరిగే పరీక్షలు నేటికీ ఎక్కువగా బీపీ, షుగర్ల చుట్టూనే తిరుగుతున్నాయి. షుగర్ ఉన్నవారికి, నడుము చుట్టుకొలత పెరిగినవారికి ఈ స్కోరు ల్యాబ్ రిపోర్టులోనే అచ్చయ్యేలా రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆదేశాలివ్వాలి. స్కోరు 1.3 దాటినవారికి జిల్లా ఆసుపత్రిలో, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ ఉచితంగా చేయాలి.