సవరణ: "మంచి లీడర్ వెనక్కి తగ్గడు" అని రాయడం నా పొరపాటు

వ్యాపారాన్ని నడిపేవాళ్లకు ఉండాల్సిన గుణాల గురించి మొన్న పెట్టిన పోస్టులో రెండు విషయాలు సరిదిద్దాలి.

ముందుచూపు లేకే ఫొటో ఫిల్ములు అమ్మే కొడాక్ కంపెనీ దెబ్బతిందని రాశాను. అది తప్పు. 1975లో డిజిటల్ కెమెరా తయారుచేసింది ఆ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసనే: మూడున్నర కిలోలకు పైగా బరువు, ఒక్క నలుపు తెలుపు ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. అంటే రాబోయేది వాళ్ల చేతుల్లోనే ఉంది, కానీ లాభాల్లో ఎక్కువ భాగం ఫిల్ము మీదే వస్తుంటే దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు, 2012లో దివాలా పిటిషన్ వేయాల్సి వచ్చింది. అక్కడ లోపించింది చూపు కాదు, తెగువ అని నా అభిప్రాయం.

రెండోది ఇంకా పెద్ద తప్పు. ఒకసారి నిర్ణయం తీసుకున్నాక మంచి లీడర్ వెనక్కి తగ్గడని రాశాను. 2011 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ డీవీడీలు అద్దెకిచ్చే వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో సినిమాలు చూపించే వ్యాపారం నుంచి క్విక్‌స్టర్ అనే పేరుతో విడదీస్తామని ప్రకటించారు, కస్టమర్లు భగ్గుమన్నారు, నెల తిరక్కుండానే అక్టోబరులో ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. దాన్ని బలహీనత అనగలమా? నేను అనలేను.

త్వరగా తేల్చడం మంచి గుణమే, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ మీటింగులో అందరికన్నా జూనియర్ "సార్, ఈ లెక్క తప్పు" అన్నప్పుడు మొహం మాడ్చుకోకుండా ఆ కాగితం తీసుకుని చూసే ఓపిక కూడా ఉండాలి, దాని గురించి ఆ పోస్టులో ఒక్క ముక్కా రాయలేదు. పాత పోస్టులో ఆ రెండు పేరాలూ మార్చాను.