పొమ్మనలేక పొగబెట్టడం కంపెనీకీ మంచిది కాదు

ఒక కస్టమర్‌ను వదిలించుకోవాలని లోలోపల అనుకున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ మాట నేరుగా చెప్పడం అరుదు. సమస్య చెబుతూ కస్టమర్ పంపే టికెట్లకు జవాబులు ఆలస్యమవుతాయి. కొత్త వెర్షన్ వాళ్లకు అందరికంటే చివర్న అందుతుంది. రెన్యూవల్ కొటేషన్‌లో అంకె ఉన్నట్టుండి రెట్టింపవుతుంది. ఇలా పొమ్మనలేక పొగబెడితే గొడవ లేకుండా వాళ్లే పోతారని కంపెనీ ఆశ. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. ఏం జరుగుతోందో అవతలివాళ్లకు అర్థం కాకపోదు. వాళ్ల చేతిలో ఒప్పందం ఉంది, ఎన్ని గంటల్లో సపోర్ట్ ఇవ్వాలో అందులో రాసి ఉంది. అప్పటిదాకా తప్పు కస్టమర్‌ది మాత్రమే అయితే, ఆ రోజు నుంచి కంపెనీది కూడా అవుతుంది.

లైసెన్స్ ముగించే హక్కు అమ్మేవాళ్లకు ఉండి తీరాలి. దాన్ని దొంగచాటుగా కాకుండా, నోటీసు ఇచ్చి, అవతలివాళ్లు వేరే దారి చూసుకునేంత టైమ్ ఇచ్చి వాడాలన్నదే నా వాదన.

ముందుగా, ఇబ్బంది పెట్టే కస్టమర్ అంటే ఎవరు? శుక్రవారం సాయంత్రం 'అర్జెంట్' అంటూ టికెట్ వస్తుంది. సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదని ఒకటే లైను. ఏం జరిగిందో సాఫ్ట్‌వేర్ నమోదు చేసుకునే లాగ్ ఫైల్‌ను ఇంజినీరు తెప్పించుకుని చూస్తే వాళ్ల సర్వర్‌లోనే డిస్క్ నిండిపోయి ఉంటుంది. ఆ సంగతి మర్యాదగా రాస్తే జవాబు ఇంజినీరుకు రాదు, 'మీవాళ్లకు పని రాదు' అంటూ డైరెక్టర్‌కు మెయిల్ పోతుంది. అదే లాగ్‌లో ఇంకోటి కూడా బయటపడుతుంది: పది మందికి లైసెన్స్ తీసుకుని, ఒకే లాగిన్‌ను రెండు డిపార్ట్‌మెంట్లు పంచుకుంటున్నాయి. మొదటిది అమర్యాద, రెండోది ఒప్పంద ఉల్లంఘన. కోపం మొదటిదాని మీద వస్తుంది, నోటీసు మాత్రం రెండోదాని మీదే ఇవ్వగలం. రెండిటినీ ఒకే ఉత్తరంలో కలిపి రాస్తే, ఉల్లంఘన అనేది సాకు మాత్రమేనని అవతలి లాయర్ సులువుగా వాదిస్తాడు. ఉల్లంఘన తెలిసి కూడా కంపెనీ నెలల తరబడి ఇన్వాయిస్ డబ్బులు తీసుకుంటూ పోయిందంటే ఆ వాదనకు ఇంకా బలం వస్తుంది.

ఆ ఇబ్బంది మొత్తం సంస్థదా, అందులో ఒక మనిషిదా అన్నది కూడా చూడాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌ను రాసే డెవలపర్లు 2002 నుంచి, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే (వెర్షన్ కంట్రోల్) బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచిత లైసెన్స్ మీద వాడేవారు. అది ఇతర కంప్యూటర్లతో మాట్లాడే పద్ధతిని (ప్రోటోకాల్‌ను) ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ బయటి నుంచే ఛేదించడం (రివర్స్ ఇంజినీరింగ్) దాన్ని తయారుచేసిన బిట్‌మూవర్ కంపెనీకి నచ్చలేదు. 2005 ఏప్రిల్‌లో ఆ ఉచిత లైసెన్స్‌ను అందరికీ ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. తన ఉత్పత్తిని కాపాడుకోవాలన్న ఆ కంపెనీ ఆందోళనలో న్యాయం లేదని నేను అనను. కానీ ఒక్కరి మీద అభ్యంతరంతో వాడేవాళ్లందరినీ పంపించేసింది. అదే నెలలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ దాని స్థానంలో గిట్ అనే సొంత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. 2016లో బిట్‌కీపర్ ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి, మార్చి, వాడుకోగలిగేది) అయ్యేనాటికి డెవలపర్లలో అత్యధికులు గిట్‌కు అలవాటుపడిపోయారు. అందుకే నోటీసు రాయకముందు, కస్టమర్ వైపు గొడవ పెడుతున్న మేనేజర్‌ను దాటి ఇంకో గడప తొక్కి చూడాలి. రోజూ సాఫ్ట్‌వేర్ వాడే డిపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడితే, పైన ఇంత గొడవ నడుస్తోందని వాళ్లకు తెలియనే తెలియదని తేలడం మామూలే.

ఎంత కోపం వచ్చినా చేయకూడని పని ఒకటుంది, దూరం నుంచి సాఫ్ట్‌వేర్‌ను ఆపేయడం. 1990 అక్టోబర్‌లో లాజిస్టికాన్ అనే అమెరికా కంపెనీ ఆ పనే చేసింది. సౌందర్య సాధనాల సంస్థ రెవ్లాన్‌కు ఇది సరుకు నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేయడం లేదని రెవ్లాన్ డబ్బు ఆపింది. దాంతో లాజిస్టికాన్ ఒక రాత్రి ఫోన్ లైన్ ద్వారా సిస్టమ్‌లోకి వెళ్లి దాన్ని పనిచేయకుండా చేసింది. రెవ్లాన్ పంపిణీ కేంద్రాల్లో దాదాపు మూడు రోజులు పని స్తంభించింది. వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి బయటే రాజీతో ముగిసింది. డబ్బు ఎవరు ఎవరికి బాకీ అన్న అసలు తగాదాలో లాజిస్టికాన్ చెప్పేదాంట్లో న్యాయం ఉండే ఉండొచ్చు. ఆ రాత్రి తర్వాత జనం మాట్లాడుకున్నది బాకీ గురించి కాదు, ఆపేసిన సిస్టమ్ గురించి.

ఇలాంటి చర్యలకు అమెరికాలో ఒక నమూనా చట్టం కొంత చోటు కూడా ఇవ్వబోయింది. 1999లో వచ్చిన యూసీఐటీఏ ముసాయిదాలో, 15 రోజుల ముందస్తు నోటీసు లాంటి షరతులతో లైసెన్స్ ఇచ్చినవాళ్లు సాఫ్ట్‌వేర్‌ను ఆపుకోవచ్చని రాశారు. తీవ్ర వ్యతిరేకత వచ్చి 2002 సవరణల్లో ఆ వెసులుబాటును తీసేశారు. మొత్తం మీద ఆ చట్టాన్ని ఆమోదించినవి వర్జీనియా, మేరీల్యాండ్ రెండు రాష్ట్రాలే.

మరి పద్ధతిగా ముగించడం ఎలా? నా దృష్టిలో అన్నిటికంటే శుభ్రమైన దారి రెన్యూ చేయకపోవడం. గడువు అయిపోయింది, పొడిగించడం లేదు, అంతే. తప్పు ఎవరిదో నిరూపించే పని ఉండదు. చిక్కల్లా తేదీతోనే. చాలా ఒప్పందాలు ఎవరూ ఏమీ అనకపోతే వాటంతటవే ఇంకో ఏడాదికి రెన్యూ అయిపోతాయి. వద్దనుకుంటే గడువుకు 60 లేదా 90 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తేదీ సేల్స్ టీమ్ క్యాలెండర్‌లో ఉండదు, అకౌంట్స్ వాళ్లకు గుర్తుండదు. అలా ఇంకో ఏడాది కక్కలేక మింగలేక గడుపుతారు.

ఉల్లంఘన మీద ముగించాలంటే సరిదిద్దుకునే గడువు ఇవ్వాలి. వ్యాపార ఒప్పందాల్లో సాధారణంగా ఇది 30 రోజులు. దీన్ని మొక్కుబడిగా చూసేవాళ్లకు ఓపెన్ సోర్స్ లైసెన్సుల చరిత్ర పనికొస్తుంది. ఓపెన్ సోర్స్‌లో బాగా వాడుకలో ఉన్న జీపీఎల్ అనే లైసెన్స్ రెండో వెర్షన్ ప్రకారం షరతు మీరితే హక్కులు వాటంతటవే రద్దయ్యేవి. 2007లో వచ్చిన మూడో వెర్షన్‌లో, మొదటిసారి తప్పు చేసినవాళ్లు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు తిరిగొచ్చేలా మార్చారు. 2017లో రెడ్ హ్యాట్, గూగుల్, ఫేస్‌బుక్, ఐబీఎం జీపీఎల్ పాత వెర్షన్ కింద ఇచ్చిన తమ కోడ్‌కూ ఈ వెసులుబాటు వర్తింపజేస్తామని ప్రకటించాయి. నోటీసు ఇచ్చేది తప్పు ఆగడానికి. అదనపు లాగిన్లకు డబ్బు కట్టి కస్టమర్ దారికొస్తే ఒప్పందం నిలబడుతుంది, దానికి కంపెనీ నిజంగా సిద్ధపడాలి.

శాశ్వత లైసెన్స్ అమ్మినవాళ్ల సంగతి వేరు. వార్షిక మెయింటెనెన్స్ ఆపగలరేమో గానీ, ఉల్లంఘన లేకుండా లైసెన్స్‌ను వెనక్కి తీసుకోవడం కష్టం. డబ్బు తీసుకుని కాలపరిమితి లేకుండా వాడుకోమనడం అమ్మకం కిందికే వస్తుందని 2012లో యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ అనే రెండు కంపెనీల మధ్య కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు చెప్పింది. దివాలా ప్రక్రియలోకి వెళ్లిన కస్టమర్ విషయంలోనూ తొందరపడకూడదు. ఆ ఒక్క కారణంతో సరఫరా ఒప్పందాన్ని రద్దు చేయడాన్ని బ్రిటన్ 2020 చట్టం చాలావరకు అడ్డుకుంటుంది.

అసలు పరీక్ష డేటా దగ్గర వస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీది కావచ్చు, అందులోని లెక్కలు, పేర్లు, రికార్డులు కస్టమర్‌వి. యూరోపియన్ యూనియన్ డేటా చట్టం 2025 సెప్టెంబర్ 12 నుంచి అమల్లోకి వచ్చింది. క్లౌడ్ కస్టమర్ మారాలనుకుంటే నోటీసు రెండు నెలలకు మించకూడదని, డేటా తీసుకోవడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలని అంటోంది. 2027 జనవరి 12 నుంచి మారినందుకు రుసుము కూడా తీసుకోకూడదు. ఈ నియమాలు తనంతట తాను వెళ్లే కస్టమర్ కోసం రాసినవి. మనమే పొమ్మన్న కస్టమర్‌కు అంతకంటే తక్కువ ఇవ్వడం అన్యాయం. ఇంకొకరి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోని ఫార్మాట్‌లో డేటా చేతిలో పెట్టి, ఇచ్చేశాం అనడం కూడా అన్యాయమే.

ఇక ఉత్తరం. ఒక పేజీ చాలు. ఏ క్లాజు కింద, ఏ తేదీతో ముగుస్తుంది, ముందే కట్టిన డబ్బులో వాడని నెలలది ఎంత తిరిగిస్తాం, డేటా ఎలా తీసుకోవాలి, ఎప్పుడు చెరిపేస్తాం, ఎవరికి ఫోన్ చేయాలి. పాత మెయిళ్లు, పాత అవమానాలు అందులో ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ముగింపు తేదీ వాళ్ల వార్షిక లెక్కల ముగింపు రోజుల్లో పడకుండా చూడాలి.

ఆ ఉత్తరం బయటికి వెళ్లకముందే సపోర్ట్ టీమ్‌కు చెప్పాలి. నోటీసు అందాక చివరి తేదీ దాకా సపోర్ట్ మునుపటిలాగే నడవాలి. ఇన్నాళ్లూ మాటలు పడ్డ ఇంజినీర్లకు ఆ రెండు మూడు నెలలు మామూలు టెన్షన్ కాదు. ఆ కస్టమర్ ఫోన్లు వాళ్లకు కాకుండా, ఉత్తరం మీద సంతకం పెట్టిన మేనేజర్‌కే వెళ్లేలా ఏర్పాటు చేయాలి.