ఎలుకల వైరస్ దగ్గర మొదలైన దారి

1983 జనవరి మొదటి వారం. పారిస్‌లో ఒక రోగికి లింఫు గ్రంథులు వాచాయి. డాక్టర్లు ఒక గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అందులోని తెల్ల రక్తకణాలను అక్కడ పెంచారు. కొన్ని రోజులకోసారి ఆ ద్రవంలో ఒకే ఒక ఎంజైమ్ కోసం వెతికే పని ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ తీసుకున్నారు. అప్పటికి ఆమెకు 35 ఏళ్లు. మొదటి వారం ఏమీ కనిపించలేదు. రెండు వారాలయ్యేసరికి ఎంజైమ్ జాడ దొరికింది. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. లెక్క పెరగాల్సింది పోయి పడిపోసాగింది. చూస్తే కణాలే చచ్చిపోతున్నాయి. వైరస్ చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతోంది. బ్లడ్ బ్యాంకు నుంచి ఆరోగ్యంగా ఉన్న దాత తెల్లకణాలు తెప్పించి అందులో కలిపారు. ఎంజైమ్ మళ్లీ పెరిగింది. కొత్తగా వేసిన కణాలూ చావడం మొదలైంది. ఫిబ్రవరి మొదట్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వైరస్ కణం కనిపించింది. మే 20న 'సైన్స్' పత్రికలో పేపర్ వచ్చింది. ఎయిడ్స్‌కు కారణమని తేలి, తర్వాత మనం హెచ్‌ఐవీ అని పిలుచుకున్నది దాన్నే.

అమెరికాలో ఐదుగురు యువకులకు అంతుపట్టని న్యుమోనియా వచ్చిందని ప్రభుత్వ బులెటిన్‌లో మొదటి వార్త వచ్చింది 1981 జూన్ 5న. తర్వాత ఎయిడ్స్ అని పేరు పెట్టిన జబ్బు అదే. రెండేళ్లు తిరక్కుండానే దానికి కారణం దొరికింది. ఇంత తక్కువ సమయంలో ఎలా దొరికింది? ఈ ప్రశ్నకు జవాబు ఆ రెండేళ్లలో లేదు, అంతకు ముందు గడిచిన పదేళ్లలో ఉంది. బారే-సినూసీ వృత్తి జీవితం నుంచి మనం నేర్చుకోవాల్సింది కూడా అక్కడే ఉందని నా నమ్మకం.

ఆమె 1947లో పారిస్‌లో పుట్టారు. సెలవులకు వెళ్లినప్పుడు పురుగుల్ని చూస్తూ గంటలు గంటలు కూర్చునే పిల్ల. వైద్యం చదవాలా, సైన్స్ చదవాలా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు సైన్స్ వైపు మొగ్గారు. వైద్యమైతే ఎక్కువ ఏళ్లు పడుతుంది, ఖర్చూ ఎక్కువ, అమ్మానాన్నల మీద భారం పడకూడదు అనుకున్నారట. డిగ్రీ చదువుతూనే ల్యాబ్‌లో పని చేయాలని చాలాచోట్ల అడిగారు. చివరికి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్-క్లోద్ షెర్మాన్ బృందం జీతం లేని వాలంటీరుగా చేర్చుకుంది. అక్కడ చేరాక కాలేజీకి వెళ్లడం దాదాపు మానేశారు. స్నేహితుల నోట్సు తెచ్చుకుని పరీక్షలు రాసి పాసయ్యారు. తర్వాత ఉద్యోగం గురించి సంస్థలో ఒక పెద్దాయన్ని అడిగితే, సైన్స్‌లో ఆడవాళ్లు సాధించేదేమీ ఉండదు, ఇల్లు, పిల్లలు చూసుకోవడానికే పనికొస్తారు అనే ధోరణిలో మాట్లాడారని ఆమే చాలాసార్లు చెప్పారు. ఆ మాట విని ఆమె ఆగిపోయి ఉంటే 1983లో ఆ బల్ల దగ్గర ఎవరుండేవారో అనిపిస్తుంది నాకు.

ఆ బృందం చేస్తున్న పని ఏమిటంటే, ఎలుకల్లో లుకేమియా తెచ్చే 'ఫ్రెండ్ వైరస్' మీద పరిశోధన. 1950లలో దాన్ని కనుగొన్న షార్లెట్ ఫ్రెండ్ పేరు మీదే ఆ పేరు వచ్చింది. ఇది రెట్రోవైరస్ జాతికి చెందినది. మామూలుగా కణంలో సమాచారం డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకు వెళుతుంది. రెట్రోవైరస్‌లది ఎదురు నడక. తమ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి, తాము చొరబడిన కణం డీఎన్‌ఏలోనే అతికిస్తాయి. ఆ పని చేసే ఎంజైమ్ పేరు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్. హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ 1970లో విడివిడిగా దాన్ని కనుగొన్నారు. వైరస్ కంటికి కనిపించకపోయినా ఈ ఎంజైమ్ దొరికితే అక్కడ రెట్రోవైరస్ ఉందని అనుమానించవచ్చు. బారే-సినూసీ పీహెచ్‌డీ ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే ఒక రసాయనం మీదే. ఆ తర్వాత కొంతకాలం అమెరికాలో ఎలుకల రెట్రోవైరస్‌ల మీదే పనిచేసి పారిస్ తిరిగొచ్చారు.

ఆ రోజుల్లో ఈ రంగానికి గిరాకీ ఏమీ లేదు. క్యాన్సర్‌కు వైరస్‌లే కారణం కావచ్చన్న ఆశతో 1970లలో అమెరికా చాలా డబ్బు ఖర్చు పెట్టింది. మనుషుల్లో రెట్రోవైరస్ మాత్రం ఏళ్ల తరబడి దొరకలేదు. చాలామంది ఆశ వదిలేసి వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గాలో బృందం హెచ్‌టీఎల్‌వీ అనే మొదటి మానవ రెట్రోవైరస్‌ను ప్రకటించింది. అది కూడా అరుదైన రక్త క్యాన్సర్‌కు సంబంధించినదే. ఎలుకల వైరస్ మీద పదేళ్లు గడిపిన మనిషిని అప్పట్లో ఎవరైనా "దీనివల్ల జనానికి ఏమిటి ఉపయోగం?" అని అడిగి ఉంటే, చూపించడానికి ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు.

కానీ 1982 చివర్లో విల్లీ రోజెన్‌బామ్ అనే డాక్టర్, వైరాలజిస్టు ఫ్రాన్స్వాజ్ బ్రన్-వెజినే కలిసి, ఈ కొత్త జబ్బుకు రెట్రోవైరస్ కారణమేమో చూడగలరా అని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తలుపు తట్టినప్పుడు, ఆ పని తెలిసిన చేతులు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. అక్కడి వైరస్ పరిశోధన విభాగం పెద్ద లుక్ మోంటాన్యే, షెర్మాన్, బారే-సినూసీ ఒప్పుకున్నారు. వైద్యులు చేసిన మేలు ఇంకొకటి ఉంది. జబ్బు ముదిరిన రోగిలో దాడికి గురైన కణాలే మిగలవు కాబట్టి ఇంకా ముదరని రోగి గ్రంథి నుంచి ముక్క తీయాలన్నది వాళ్లందరూ కలిసి ఆలోచించిన మాట. ఆసుపత్రికీ ల్యాబ్‌కూ మధ్య ఆ మాటలు నడవకపోతే ఎంత నైపుణ్యం ఉన్నా చూడాల్సిన చోట చూసేవాళ్లు కాదు.

ఇక ఎంజైమ్ లెక్క పడిపోయిన ఆ రోజు సంగతి. అప్పటివరకు తెలిసిన మానవ రెట్రోవైరస్ తెల్లకణాలను విపరీతంగా పెంచుతుంది. ఇదేమో చంపుతోంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లయితే కల్చర్ పాడైపోయిందనుకుని పారబోసేవారు. వైరస్ బతకాలంటే కణాలు కావాలి, కణాలు పోతున్నాయి కాబట్టి కొత్తవి వేద్దాం అని తోచడం చిన్న విషయంలా కనిపిస్తుంది. అలా తోచడం వెనక పదేళ్లు చేసి చేసి పట్టుబడిన పనితనం ఉంది. దీన్ని అదృష్టం అనేవాళ్లతో నేను ఒప్పుకోలేను.

వైరస్ దొరకగానే కథ సుఖాంతం అయిపోలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించే భాగం ఇదే. 1984 ఏప్రిల్‌లో అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్, ఎయిడ్స్‌కు కారణమైన వైరస్‌ను గాలో బృందం కనుగొందని ప్రకటిస్తూ సుమారు రెండేళ్లలో టీకా పరీక్షలకు సిద్ధమవుతుందన్నారు. నలభై ఏళ్లు దాటినా టీకా రాలేదు. వైరస్‌ను ముందు కనుగొన్నదెవరు, రక్తపరీక్ష పేటెంట్ ఎవరిది అని రెండు దేశాలు తగువులాడుకుంటే 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఫ్రాన్స్ ప్రధాని షిరాక్ కూర్చుని ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఏళ్లలో జనం చనిపోతూనే ఉన్నారు. బారే-సినూసీ పీహెచ్‌డీలో పరిశీలించిన హెచ్‌పీఏ-23 అనే రసాయనాన్ని రోగులకు ఇచ్చి చూశారు. నటుడు రాక్ హడ్సన్ దానికోసమే పారిస్ వెళ్లారు. అది పని చేయలేదు.

1987లో అనుమతి పొందిన మొదటి మందు ఏజెడ్‌టీ. అది కొత్తగా కనిపెట్టినది కాదు. జెరోమ్ హార్విట్జ్ 1964లో క్యాన్సర్ కోసం తయారుచేస్తే, పనికిరాదని పక్కన పెట్టేసిన మందు. అదీ ఆ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌నే అడ్డుకుంటుంది. అంటే వైరస్‌ను పట్టించింది పాత పరిశోధన, మొదటి మందునిచ్చింది కూడా పాత పరిశోధనే. అయితే ఒక్క మందుతో వైరస్ లొంగలేదు, తట్టుకునేలా మారిపోయింది. మూడు మందులు కలిపి ఇవ్వడం 1996లో మొదలయ్యాకే మరణాలు గట్టిగా తగ్గాయి. కనుగొన్న నాటి నుంచి పదమూడేళ్లు.

ఆ పదమూడేళ్లూ ఆమె రోగులకు దూరంగా లేరు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్న ఒకాయన ఆమె చెయ్యి పట్టుకుని థ్యాంక్స్ చెప్పారట. ఎందుకని అడిగితే, నాకోసం కాదు, మిగతావాళ్ల కోసం అన్నారట. 1985లో సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ రాజధాని బాంగీ వెళ్లి అక్కడి పరిస్థితి చూశాక, పేద దేశాల్లో పరిశోధన కోసం పనిచేయడం ఆమె జీవితంలో భాగమైపోయింది. తర్వాత వియత్నాం, ఆపైన కంబోడియా. 2008లో మోంటాన్యేతో కలిసి నోబెల్ వచ్చిందన్న కబురు తెలిసేటప్పటికి కూడా ఆమె కంబోడియాలోనే పనిమీద ఉన్నారు. ఆ నోబెల్‌లో షెర్మాన్ పేరు లేకపోవడం నాకు న్యాయంగా అనిపించదు.

ల్యాబ్‌లో ఆమె ప్రశ్నలు మారాయి. తల్లి నుంచి బిడ్డకు వైరస్ ఎలా వెళుతుంది? ఆఫ్రికన్ గ్రీన్ మంకీ అనే కోతుల్లో హెచ్‌ఐవీ లాంటి వైరస్ ఉన్నా వాటికి జబ్బు ఎందుకు రాదు? మందులు లేకుండానే కొద్దిమంది వైరస్‌ను ఎలా అదుపులో ఉంచుకుంటున్నారు? 2013లో ఆమె విభాగం పరిశోధకులు ఫ్రాన్స్‌లో 14 మంది గురించి ప్రకటించారు. సోకిన తొలి వారాల్లోనే చికిత్స మొదలుపెట్టి, కొన్నేళ్ల తర్వాత మందులు ఆపేసినా వాళ్లలో వైరస్ అదుపులోనే ఉంది. శరీరంలోంచి పూర్తిగా పోలేదు, అదుపులో ఉందంతే. ఈ తేడాను జాగ్రత్తగా చెప్పడం ఆమె పద్ధతి.

ఆ జాగ్రత్త విలువ 2020లో బాగా తెలిసింది. కోవిడ్ వచ్చినప్పుడు మార్చిలో ఫ్రాన్స్ ప్రభుత్వం వేసిన శాస్త్రవేత్తల కమిటీకి ఆమె అధ్యక్షురాలు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు కోసం జనం ఎగబడుతున్న రోజుల్లో, సరైన ట్రయల్స్ ఫలితాలు వచ్చేదాకా ఆగండి, లేని ఆశలు పెట్టొద్దు అన్నారు. 1984 నాటి "రెండేళ్ల" మాట ఏం చేసిందో దగ్గర నుంచి చూసిన మనిషి కదా. ఆ నోబెల్ పంచుకున్న మోంటాన్యే మాత్రం ఆ ఏడాది ఏప్రిల్‌లో, కరోనా వైరస్‌లో హెచ్‌ఐవీ ముక్కలు అతికించారని ఆధారాలు నిలవని మాటలు టీవీలో మాట్లాడారు. ఇద్దరిదీ ఒకే ఆవిష్కరణ, ఒకే బహుమతి. నోబెల్ వచ్చినవాళ్లు చెప్పారు కాబట్టి నిజమే అని వాట్సాప్‌లో పంపే ముందు ఈ ఇద్దరినీ గుర్తు చేసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్క ప్రకారం 2024లో 4.08 కోట్ల మంది హెచ్‌ఐవీతో బతుకుతున్నారు. వాళ్లలో 3.16 కోట్ల మందికి మందులు అందుతున్నాయి. ఆ ఒక్క ఏడాదిలో 6.3 లక్షల మంది చనిపోయారు. అదే ఏడాది, హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి తీసుకునే లెనాకపవిర్ ఇంజెక్షన్ వార్త కూడా వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఇది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. ఈ మందు పట్టుకునేది వైరస్ జన్యువుల చుట్టూ ఉండే క్యాప్సిడ్ అనే తొడుగును. మందులకు అది లొంగదని చాలాకాలం అనుకునేవారు. ఆ తొడుగు ఆకారం ఏమిటి, ఏ ప్రొటీన్ ఎక్కడ కూర్చుంటుంది అని దశాబ్దాలపాటు చూసినవాళ్లుండబట్టే ఇది సాధ్యమైంది. వాళ్లను కూడా దీనివల్ల ఏం ఉపయోగమని అడిగే ఉంటారు.

టీకా పని ఇంకా అలాంటి దశలోనే ఉంది. రకరకాల హెచ్‌ఐవీలను అడ్డుకోగల యాంటీబాడీలు కొద్దిమంది రోగుల్లో ఏళ్లు గడిచాక పుడతాయి. వాటిని ఆరోగ్యవంతుల్లో టీకాతో పుట్టించాలంటే రోగనిరోధక కణాలకు మెట్టు మెట్టుగా నేర్పాలి. డ్యూక్ యూనివర్సిటీ, స్క్రిప్స్ రిసెర్చ్ సంస్థల్లోని రెండు పెద్ద బృందాలు ఏళ్లుగా చేస్తున్నది ఆ పనే. 2025 మే నెలాఖరులో, వాటికి నిధులు ఇకమీదట కొనసాగించబోమని అమెరికా ప్రభుత్వం చెప్పేసింది.